ఆచార్య జె. బి. యస్. హాల్డేను జీవితము

గణితమున నూటికి తొంబది మార్కులు తెచ్చుకొను బాలుడు జీవశాస్త్రపు గంటలో కునికిపాట్లు పడుటయు, కప్ప గుండె పటమును చక్కగా దించు బాలిక సమీకరణమన్న మాట వినగానే బిక్కమొగము వేయుటయు మేము ఇరువది యేండ్లనుండి చూచుచున్న సంగతులు. ఈ రెండు విద్యలకు పొత్తు లేదను తలంపు పిల్లలకే గాదు, పెద్దలకును కలదు. వైద్యుడు కాగోరువానికి లెక్కలతో నేమి పనియని మమ్ము అడిగిన తల్లిదండ్రులు పెక్కురు. వారికి మేము అప్పటికప్పుడు చెప్పిన జవాబు చాలినట్లు మాకే తోపలేదు. కావున ఈ యేటి సంచికలో ఒక పురుషుని జీవితమును వ్రాయుచున్నాము. ఆయనకు విజ్ఞానశాస్త్రమున పట్టమే లేదు. విశ్వవిద్యాలయమున చదివినది గణితమును, గ్రీకు లాటిను వాఙ్మయమును. ఐనను జీవకణములో జరుగు పనిని లెక్కలోనికి దింపినవారిలో ఆయన యొక అగ్రగణ్యుడు.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేను 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఇంగ్లండు దేశమందలి ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేను శరీరధర్మశాస్త్రజ్ఞుడు. మనుష్యుడు ఊపిరి పీల్చు విధమును శోధించి, గనులలోని చెడుగాలినుండి కూలివాండ్రను కాపాడుటకు జీవితమంతయు పాటుపడినవాడు. తల్లి లూయీసా కాథ్లీను. ఏకైక సోదరి నయోమీ 1897లో పుట్టెను. ఈమె పెరిగి పేరుపొందిన నవలారచయిత్రి యయ్యెను. ఈమె పేరు చదువరులు గుర్తుంచుకొనవలెను. మున్ముందు మరల వచ్చును.

తండ్రియే మొదటి గురువు. ఒకనాడు ఆయన కుమారుని స్టాఫర్డుషైరునందలి ఒక బొగ్గుగనికి వెంటబెట్టుకొని పోయెను. లోపల ఒకచోట కప్పు దగ్గఱ మీథేను వాయువు నిలిచియుండెను. తండ్రి బాలుని అచట నిలుచుండబెట్టి, షేక్స్పియరు వ్రాసిన జూలియస్ సీజరు నాటకములో ఆంటొనీ చేయు ప్రసంగమును అప్పజెప్పుమనెను. బాలుడు కొన్ని పాదములు చదువునంతలో ఊపిరాడక, కాళ్లు తేలిపోయి నేలగూలెను. నేలమీది గాలి మంచిదగుటచే కొంతసేపటికి తేఱుకొనెను. మీథేను గాలికన్న తేలికయనియు, కావున పైన నిలుచుననియు, క్రిందబడినవాడు బ్రతికి బయటపడవచ్చుననియు ఆ బాలునికి మఱి యెవ్వరును బోధింపనక్కఱ లేకపోయెను. ఈ బోధనపద్ధతిని మేము ఏ యుపాధ్యాయునకును సిఫారసు చేయము. కాని ఆ పాఠము మఱపునకు రాలేదనుట నిజము.

1901లో, ఎనిమిదేండ్ల ప్రాయమున, తండ్రి యాతనిని ఒక ఉపన్యాసమునకు తోడ్కొనిపోయెను. ఆనాటి విషయము మెండెలు సన్న్యాసి బఠాణి మొక్కలపై చేసిన పరిశోధన. అది ముప్పదియైదేండ్లు మఱుగుపడి, అంతకు ముందటి సంవత్సరమే మరల వెలుగునకు వచ్చియుండెను. తాతతండ్రుల లక్షణములు సంతతికి సంక్రమించుటలో మూడింటికొకటి యను లెక్క కలదని వినుట ఆ బాలుని మనసున నాటుకొనెను. పిమ్మట అన్నాచెల్లెండ్రు ఇంటిలో గినీపందులను పెంచి వాని పిల్లల రంగులు లెక్కపెట్టసాగిరి. తరువాత చిట్టెలుకలను చేపట్టిరి. 1915లో వారిరువురును, స్ప్రంటు అను మిత్రుడును కలసి ప్రకటించిన వ్యాసము, పాలిచ్చు జంతువులలో రెండు లక్షణములు జతగూడి సంతతికి పోవుననుటకు తొలి నిదర్శనము. అది అచ్చగునాటికి హాల్డేను ఫ్రాన్సులో యుద్ధభూమియందుండెను; స్ప్రంటు ఆ యుద్ధముననే మడిసెను.

ఈటను పాఠశాలలో పెద్ద పిల్లలచేత ఆయన పొందిన బాధలు కొంచెము కావు. పట్టుదలతో చదివి తుదకు ఆ పాఠశాల విద్యార్థినాయకుడయ్యెను. ఆక్స్‌ఫర్డు న్యూ కళాశాలలో గణితమునందును, ప్రాచీన వాఙ్మయమునందును ప్రథమశ్రేణి నందెను. 1914లో యుద్ధము రాగా బ్లాక్ వాచ్ అను స్కాట్లండు పటాలమున చేరెను. మఱుసటి యేడు జర్మనులు క్లోరీను వాయువును ప్రయోగింపగా, తండ్రి ముసుగుల పరీక్షకై ఫ్రాన్సుకు వచ్చి కుమారుని పిలిపించుకొనెను. వాయువు నింపిన గదిలో ముసుగు ధరించియు, ధరింపకయు కూర్చుండి, ఎంతసేపు పనిచేయగలమో వారు తమ యూపిరితిత్తులతోనే కొలిచిరి. పిమ్మట ఆయన మెసపొటేమియాలో గాయపడి, స్వస్థత పొందుటకు మన దేశమునకు పంపబడెను. మన దేశముపై ఆయనకు మక్కువ యప్పుడే కుదిరెను.

1923లో ఆయన కేంబ్రిడ్జికి వచ్చి, ఆచార్య హాప్కిన్సు నడపుచున్న జీవరసాయనశాఖలో అధ్యాపకుడయ్యెను. ఈ కాలమునకు చెందిన చిన్న వ్యాసమొకటి మా కథకు మూలము. దానిని కొంచెము నిదానముగ చెప్పవలసియున్నది.

ఈస్టు అనునది ఒకే కణము గల జీవి, కంటికి కనబడదు. రొట్టెపిండిని పొంగించునది అదియే. తాటికల్లును పులియజేయునదియు అదియే. దానిలో ఇన్వర్టేసు అను ఎంజైము కలదు. అది పంచదార యణువును విఱిచి గ్లూకోసు, ఫ్రక్టోసు అను రెండు చక్కెరలుగ చేయును. పంచదార పెంచినకొలది పని వేగిరపడవలెనని మనము తలతుము. కొంతవఱకు అట్లే జరుగును. అటుపైన నెంత పంచదార వేసినను వేగము పెరుగదు. 1913లో బెర్లినునందు మైకేలిసు అను పండితుడును, కెనడా దేశపు వైద్యురాలు మాడ్ మెంటెను అను నామెయు దీనికొక సూత్రము కట్టిరి.

గోదావరి రేవును తలంచుకొనుడు. పడవలు ఎంజైములనియు, ప్రయాణికులు పంచదార యణువులనియు, పడవ కొక్కరే యెక్కుదురనియు అనుకొందము. గట్టున జనము పలుచగ నున్నంతవఱకు, జనము పెరిగినకొలది దాటువారును పెరుగుదురు. గట్టు క్రిక్కిఱిసినపుడు పడవలన్నియు నిండియే యుండును. మఱి వేయిమంది వచ్చినను అవతలి యొడ్డు చేరువారి సంఖ్య పెరుగదు. ఇంకొక సంగతి: పడవ నెక్కినవాడు మనసు మార్చుకొని ఈ గట్టుననే దిగిపోవుటయు కలదు. మైకేలిసును మెంటెనును, ఈ యెక్కుట దిగుటలు మిక్కిలి వడిగను, ఏఱు దాటుట మిక్కిలి నెమ్మదిగను జరుగునని భావించి, ఎక్కువారును దిగువారును సరితూగుదురని లెక్క చేసిరి.

1925లో హాల్డేను, వృక్షశాస్త్రజ్ఞుడగు జార్జి బ్రిగ్సుతో కలసి, అంతటి భావన అక్కఱలేదని చూపెను. దాటుట నెమ్మదియైన నేమి, వేగమైన నేమి? ఏ క్షణమున చూచినను నిండిన పడవల సంఖ్య ఇంచుమించు మాఱకుండిన చాలును. అనగా నిండుచున్న పడవలెన్నో, ఈ గట్టుననో ఆ గట్టుననో ఖాళీయగుచున్న పడవలును అన్నియే. దీనిని స్థిరస్థితి యందురు. సూత్రపు రూపు మునుపటిదే; దానిలోని స్థిరాంకమునకు మాత్రము అర్థము మాఱెను. మునుపది ఎక్కుట దిగుటల నిష్పత్తి. ఇప్పుడు దాటు వేగము గూడ దానిలో చేరెను. పంచదార సాంద్రత ఆ స్థిరాంకమునకు సమానమైనపుడు పని పరమవేగములో సగము జరుగును, మూడింతలైన ముప్పాతిక, తొమ్మిదింతలైన పదింట తొమ్మిది పాళ్లు. పై తరగతుల పిల్లలు దీనిని గళ్లకాగితముమీద గీచి చూతురుగాక. ఆ వ్యాసము రెండే పుటలు. నూఱేండ్లు నిండినను కళాశాలలలో నేటికిని దానినే బోధించుచున్నారు.

అదే కాలమున ఆయన ఇంకొక పెద్దపనిని తలకెత్తుకొనెను. డార్విను చెప్పిన ప్రకృతివరణము ఎంత వేగముగ పనిచేయునో 1924 మొదలు పది వ్యాసములలో గణించెను. మాంచెస్టరు నగరమున 1848లో నల్లని చిమ్మట మొదట కనబడెను. 1901 నాటికి తెల్లనివి దాదాపు లేకపోయెను. ఇంత కొద్దికాలమున ఈ మార్పు జరుగవలెనన్న నల్లవానికి తెల్లవానికన్న ఒకటిన్నర రెట్లు సంతతి మిగులవలెనని ఆయన లెక్క తేల్చెను. ఫిషరు, రైటు అను మఱి యిద్దఱితో పాటు జన్యుశాస్త్రమునకు గణితపు పునాది వేసినవాడని ఆయనకు పేరు వచ్చెను. 1932లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. మఱుసటి యేడు లండనునకు మాఱి యూనివర్సిటీ కళాశాలలో ఆచార్యుడయ్యెను.

లెక్క కాగితముమీద సరిపోయిన చాలునని ఆయన యెన్నడును తలంపలేదు. రక్తములో ఆమ్లము పెరిగినపుడు దేహమేమగునో తెలిసికొనుటకు అమ్మోనియము క్లోరైడును నీళ్లలో కలిపి తానే త్రాగి, రోజుల తరబడి రొప్పుచు ఊపిరిని కొలిచెను. 1939 జూనులో థీటిస్ అను జలాంతర్గామి లివర్పూలు సముద్రమున మునిగి 99 మంది మరణించిరి. వారెట్లు చనిపోయిరో, ఇకముందు ఇతరులెట్లు తప్పించుకొనగలరో విచారించుటకై ఆయన ఉక్కుపెట్టెలో కూర్చుండి గాలి యొత్తిడిని పలురెట్లు పెంచుకొనెను. అట్టి పరీక్షలలో ఒకసారి ప్రాణవాయువు మితిమీఱి మూర్ఛ వచ్చి, వెన్నెముకకు దెబ్బ తగిలెను. ఆ నొప్పి జీవితాంతము నిలిచెను.

ఇంతటి ధీరుడు ఒకచోట తడబడెను. ఆయన సామ్యవాది, కొంతకాలము బ్రిటిషు కమ్యూనిస్టు పక్షసభ్యుడు. దైవవిశ్వాసము లేదని బహిరంగముగ వ్రాసినవాడు; మన పత్రిక యని ఆ మాట దాచుట మాకిష్టము లేదు. మేము తప్పుపట్టునది వేఱొకటి. రష్యాలో లైసెంకో యనువాడు ప్రభుత్వపు అండతో జన్యుశాస్త్రమునే తుడిచివేయుచుండెను. 1928లో హాల్డేనును ఆ దేశమునకు ఆహ్వానించి ఆదరించిన వవిలోవు పండితుడు 1940లో నిర్బంధింపబడి, 1943లో చెఱసాలలో మరణించెను. 1948లో తోటి శాస్త్రజ్ఞులు లైసెంకోను ఖండించుచుండగా హాల్డేను సన్నసన్నగా మాటలాడి, అతనిని కొంత సమర్థించెను గూడ. ఆ పిమ్మట సద్దులేక ఆ పక్షమునుండి తొలగిపోయెను. విషవాయువునకు బెదరనివాడు స్వపక్షమువారి యెదుట నిజము చెప్పుటకు వెనుదీసెనే యని మాకు విచారము కలుగుచున్నది.

ఇక నయోమీ కథ. ఆమె కుమారుడు ముర్డొక్ మిచిసను 1922లో పుట్టి, జంతుశాస్త్రజ్ఞుడై, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. మేనమామ ఈస్టులోని యొక ఎంజైమునకు లెక్క చూచెను. మేనల్లుడు ఈస్టు కణమే యెట్లు పెరిగి రెండుగా చీలునో చూడబూనెను. దీనికై ఆయన యెన్నుకొన్నది ఆఫ్రికాలోని చిఱుధాన్యపు కల్లునుండి తొలుత తీయబడిన ఈస్టు. స్వాహిలీ భాషలో కల్లును పోంబే యందురు. ఆ పేరే ఈ జీవికిని నిలిచెను. ఇది చిన్న కఱ్ఱముక్కవలె నుండును. లావు మాఱదు, కొనలయందు పొడవు మాత్రము పెరుగును. ఇంచుమించు పదునాలుగు మైక్రాన్లు రాగానే నడుమ అడ్డుగోడ కట్టి రెండగును. కావున పొడవును కొలిచిన చాలును, కణము ఏ దశలో నున్నదో తెలియును. పుట్టునపుడు పొడుగైనది ఆ తరమున తక్కువగను, పొట్టిది ఎక్కువగను పెరుగుననియు, ఒకటి రెండు తరములలోనే హెచ్చుతగ్గులు సర్దుకొనుననియు ఆ ప్రయోగశాలవారు తరువాత కనుగొనిరి. కణమునకు తన కొలత తనకు తెలిసినట్లే కదా!

1970 తరువాత పాల్ నర్సు అను యువకుడు మిచిసను నొద్ద చేరి, సగము పొడవుననే చీలిపోవు ఈస్టు కణములను కనిపెట్టెను. స్కాట్లండు వాడుకలో వీ యనగా చిన్నది. కావున ఆ జన్యువునకు వీ-1 అని పేరు. దాని పని విభజనమును ఆపియుంచుట. అది చెడిన కణము తొందరపడును. సీడీసీ-25 అను ఇంకొక జన్యువు విభజనమును త్వరపెట్టును. ఈ రెండును సీడీసీ-2 అను మూడవదానిపై పనిచేయును. విభజనమునకు మీట యదియే. సైక్లిను అను పదార్థము కణములో క్రమముగ పేరుకొని ఈ మీటతో జతగూడవలెను. మీట కదలినదో, అది వీ-1ను అణచి సీడీసీ-25ను రెచ్చగొట్టును. కావున మఱింత వేగముగ కదలును. బిగిసిన తలుపును త్రోయునపుడు ఎంతసేపు త్రోసినను కదలక, ఒక్క క్షణమున భళ్లున తెఱచుకొనును. తెఱచుకొన్నపిమ్మట చేయి వదలినను మూసికొనదు. అట్టిదే ఇదియు. పని ముగియగనే సైక్లిను నాశనమగును, తలుపు మరల మూసికొనును.

ఈ మాటలు చెప్పుట సులభము. నిజముగ ఇట్లు జరుగగలదా యన్నది లెక్కకు నిలువవలెను. 1991లో అమెరికాలో జాన్ టైసను ఆఱు సమీకరణములతో సైక్లిను, సీడీసీ-2ల హెచ్చుతగ్గులను వ్రాసి చూపెను. హంగరీ దేశీయుడు బేలా నోవాకు ఆయనతో కలసి 1993లో ఇంకను విపులమైన లెక్క చేసెను. ఎంజైములచే జరుగు మార్పులకు ఇట్టి లెక్కలలో పలుచోట్ల మన రేవు పడవల సూత్రపు రూపమునే వాడుదురు. విభజనమును ప్రారంభించుటకు కావలసిన సైక్లిను, దానిని నిలుపుటకు కావలసినదానికన్న ఎక్కువగ నుండవలెనని ఆ 1993 లెక్క ముందుగా చెప్పెను. 2003లో కప్పగ్రుడ్ల సారముతో చేసిన ప్రయోగములలో అట్లే తేలెను. 2004లో మొగ్గలు తొడుగు ఈస్టునకు కట్టిన సమీకరణములు నూటికి పైగా మార్పుచెందిన జాతుల ప్రవర్తనతో సరిపోయెను. మీటను కనుగొన్నందుకు నర్సు, హార్ట్‌వెలు, హంటు అనువారికి 2001లో నోబెలు బహుమానము వచ్చెను. హాల్డేను ఈ పనిలో చేయిపెట్టలేదు. దీనిలో ముఖ్యభాగము ఆయన మరణించిన పిదప జరిగినది. ఆయన రెండు పుటలు మాత్రము దీనికి చేతిలోని పనిముట్టయ్యెను.

మరల మన కథానాయకుని యొద్దకు పోదము. 1957లో, అఱువదినాలుగేండ్ల వయసున, ఆయన ఇంగ్లండును విడిచి, భార్య హెలెను స్పర్వేతో కలకత్తా వచ్చి, ఆచార్య మహలనోబీసు స్థాపించిన గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. మనవలె ధోవతి, లాల్చీ ధరించెను, శాకాహారి యయ్యెను, 1961లో భారతపౌరుడయ్యెను. ఖరీదైన యంత్రములు లేవని ఇచటి విద్యార్థులు చిన్నబుచ్చుకొనుట ఆయనకు గిట్టదు. కన్నులును, కాగితమును, లెక్కపెట్టు ఓపికయు నున్న చాలునని, వరి మొక్కలను, కందిరీగలను, కొబ్బరిచెట్ల ఆకుల మెలికలను పరిశీలింపజేసెను. మన పిఠాపురమువాడగు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యులలో నొకడు. అత్తకోడలి పొదలమీద ఏ రంగు పువ్వునకు ఏ సీతాకోకచిలుక ఎన్నిమార్లు వచ్చెనో లెక్కించి వ్యాసము ప్రకటించెను. ఆయనయే తరువాత గురువు చరిత్రను గూడ వ్రాసెను.

అధికారుల పద్ధతులతో పొసగక హాల్డేను కలకత్తా సంస్థను విడిచి, 1962లో ఒరిస్సా ప్రభుత్వపు ఆహ్వానముపై భువనేశ్వరమున జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పెను. పని కుదుటపడుచుండగనే రాచపుండు జబ్బు బయటపడెను. 1964 ఆరంభమున లండనులో శస్త్రచికిత్స జరిగెను. ఆసుపత్రి మంచముమీదనే ఆ జబ్బును గుఱించి హాస్యగీతమొకటి వ్రాసి పత్రికలో ప్రకటించెను. రోగులు సిగ్గుపడక వెంటనే వైద్యునికి చూపుకొనవలెనని దాని యుద్దేశము. తన మరణానంతరము ప్రసారము చేయుటకు తన చరిత్రను తానే చెప్పి ముద్రింపించెను. పిమ్మట భువనేశ్వరము చేరి, చేతనైనన్ని నాళ్లు పనిచేసి, ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన కన్నుమూసెను.

తన దేహము విద్యార్థుల చదువునకును పరిశోధనకును ఉపయోగపడవలెనని ఆయన మరణశాసనము వ్రాసియుండెను. దానికి ఆయన యేర్పఱచిన స్థలము మన కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాల. భువనేశ్వరమునుండి ఆ దేహము అచటికి చేర్చబడెను.